పనిలో దెబ్బ తగిలితే: విశాఖలో ప్రభుత్వ సాయం రాబట్టుకునే దారి

గాజువాక ఆటోనగర్‌లో ప్రెస్ మెషీన్ కింద వేలు నలిగినా, పోర్టులో సరుకు దించుతుంటే కాలు విరిగినా, మధురవాడలో కడుతున్న అపార్టుమెంటు పరంజా మీద నుంచి పడిపోయినా ముందు కాపాడుకోవాల్సింది ప్రాణం. ఆ తర్వాత కాపాడుకోవాల్సింది ఒక్క వాక్యం. క్యాజువాలిటీలో డాక్టరు "ఎలా తగిలింది?" అని అడిగి కేస్ షీటులో రాసుకునే వాక్యం అది. రేపు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) ఆఫీసులో అయినా, కార్మిక శాఖలో అయినా, కోర్టులో అయినా అందరూ మొదట తిప్పి చూసే కాగితం అదే.

ఆసుపత్రికి మిమ్మల్ని తెచ్చేది మామూలుగా సూపర్‌వైజరో, కాంట్రాక్టరు మనిషో. నొప్పితో మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆయనే చెప్తాడు: "బండి మీద నుంచి పడ్డాడండీ", "ఇంట్లో జారాడండీ". ప్రమాదం బయటికి వస్తే రిపోర్టు పంపాలి, ఫ్యాక్టరీల శాఖ వాళ్లు వచ్చి చూస్తారు, కాంట్రాక్టు మీదికి వస్తుంది. అందుకే అలా చెప్పిస్తారు. "ఖర్చంతా మేం పెట్టుకుంటాం, పోలీసు గొడవ వద్దు" అన్న మాట కూడా అప్పుడే వస్తుంది. మొదటి బిల్లు కడతారు. రెండో ఆపరేషన్ నాటికి ఫోను ఎత్తరు. అప్పటికి మీ చేతిలో మిగిలేది "బండి మీద నుంచి పడ్డాడు" అని రాసిన చీటీ.

కాబట్టి ఇంట్లోవాళ్లు ఒకరు వెంటనే ఆసుపత్రికి చేరుకోవాలి. కేజీహెచ్ అయినా, విమ్స్ అయినా, దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రి అయినా చెప్పాల్సిన వాక్యం ఇలా ఉండాలి: "ఫలానా తేదీ ఉదయం 10.40కి, ఫలానా కంపెనీలో, ఫలానా కాంట్రాక్టరు కింద, ప్రెస్ మెషీన్ మీద పని చేస్తుండగా కుడిచేతి చూపుడు వేలు నలిగింది." తేదీ, టైము, చోటు, చేస్తున్న పని, తగిలిన భాగం, అది కుడో ఎడమో. ఈ ఆరూ ఉండాలి. దాన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగండి. ఆ సమాచారం ఆసుపత్రి నుంచి పోలీసులకు వెళ్తుంది. ఆ కేసు నంబరు ఓపీ చీటీ మీద ఉందో లేదో చూసుకుని ఫోటో తీసుకోండి.

ఇప్పటికే తప్పు రాసి ఉంటే కొట్టేసి మళ్లీ రాయమంటే డాక్టర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఒక అర్జీ రాయండి. ఆ మాట ఎవరు చెప్పారో, అసలు ఎలా జరిగిందో వివరించి, దాన్ని కేస్ షీటుకు జత చేయమని కోరండి. ప్రమాదం జరిగిన చోటి పోలీస్ స్టేషన్‌లో అదే విషయం రాసివ్వండి. పక్కన పనిచేసిన ఇద్దరి చేత తేదీ వేసి వాంగ్మూలం రాయించుకోండి. వారంలోపు చేసిన దిద్దుబాటును నమ్ముతారు. ఆరు నెలల తర్వాత చేసింది కథ కట్టినట్టు కనిపిస్తుంది.

మొదటి రెండు రోజుల్లో

యజమానికి ప్రమాదం సంగతి కాగితం మీద తెలియజేయాలి. అర పేజీ చాలు. వాట్సాప్‌లో పంపండి, స్పీడ్ పోస్టులో కూడా పంపి అందినట్టు రుజువు దాచుకోండి. ప్రతి ఫ్యాక్టరీలోనూ ప్రమాదాల రిజిస్టరు ఉంటుంది. అందులో మీ పేరు ఎక్కించమని అదే ఉత్తరంలో అడగండి.

పనిచేస్తున్నట్టు రుజువులు ఇప్పుడే పోగు చేయండి, తర్వాత దొరకవు. గేట్‌పాస్ ప్రమాదం జరిగిన మర్నాడే వెనక్కి తీసేసుకుంటారు, కాబట్టి ముందు దానికి రెండు వైపులా ఫోటో తీయండి. పే స్లిప్పులు లేకపోతే జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ పేజీలు పనికొస్తాయి. చేతికి కూలి ఇస్తుంటే మేస్త్రీ ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్లు, "రేపు సెకండ్ షిఫ్టుకు రా" అని పెట్టిన మెసేజీలు పనికొస్తాయి. ఆ మెసేజీలు ఫోను మారిస్తే పోతాయి. ఇంట్లో ఇంకొకరి ఫోనుకు పంపి ఉంచండి.

తెల్లకాగితం మీద సంతకం మాత్రం పెట్టొద్దు. "అడ్వాన్సు ఇస్తున్నాం, ఇక్కడ సంతకం చెయ్యి" అంటే ముందు మొత్తం, తేదీ రాయించి, చదివి, ఫోటో తీసుకుని, అప్పుడు పెట్టండి. నష్టపరిహారం హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. కానీ చెల్లదని తేల్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

మీ తలుపు ఏది?

పెద్ద తలుపులు రెండు. ఒకటి ఈఎస్‌ఐ, రెండోది కార్మిక శాఖ దగ్గర నష్టపరిహారం. ఒకే గాయానికి రెండూ తీసుకోవడం కుదరదు. ఈఎస్‌ఐ కిందికి వచ్చేవాళ్లకు ఈఎస్‌ఐ మాత్రమే. 2025 నవంబర్ 21 నుంచి ఈ రెండు చట్టాలూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. అయినా అందరూ వాడే పాత పేర్లే ఇక్కడా వాడుతున్నాం.

మీరు ఎటువైపో పే స్లిప్పు చెప్తుంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే (వికలాంగులకు 25,000) ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మీ జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కలుపుతాడు. 16,000 జీతానికి మీ కోత 120 రూపాయలు. ఆ 120 కనిపిస్తే మీకు పదంకెల ఇన్సూరెన్స్ నంబరు ఉండాలి. ఈ 21,000 లెక్కలో ఓవర్‌టైం కలపరు. ఓవర్‌టైం చేసిన నెలలో ఎక్కువ పడిందని "నీకు ఈఎస్‌ఐ లేదు" అంటే ఒప్పుకోవద్దు.

యజమాని మీ పేరే నమోదు చేయకపోతే? నమోదు చేయడం, చందా కట్టడం ఆయన బాధ్యత. ఆయన ఎగ్గొట్టినందుకు మీ హక్కు పోదు. ఈఎస్‌ఐ కార్పొరేషన్ మీకు ఇవ్వాల్సింది ఇచ్చి, ఆయన దగ్గర వసూలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. పని చేస్తున్నట్టు రుజువులతో బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఈఎస్‌ఐ టోల్ ఫ్రీ నంబరు 1800 11 2526.

ఈఎస్‌ఐ దారిలో నడక

జబ్బు చేసినప్పుడు డబ్బు రావాలంటే ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు ఉంటుంది. పనిలో తగిలిన దెబ్బకు ఆ షరతు లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే తగిలినా వర్తిస్తుంది. ఇంటి నుంచి పనికి వెళ్తూనో వస్తూనో దారిలో జరిగిన ప్రమాదం కూడా, టైము, చోటు పనితో ముడిపడి ఉంటే, పనిలో జరిగినట్టే లెక్క. కూర్మన్నపాలెం నుంచి దువ్వాడ సెజ్‌కు షిఫ్టుకు వెళ్తూ లారీ తగిలితే దాన్ని ఉత్త రోడ్డు ప్రమాదంగా వదిలేయకండి. షిఫ్టు టైము, మీరు ఎక్కిన దారి, ఎఫ్‌ఐఆర్ కాపీ జత చేయండి.

యజమాని ప్రమాద రిపోర్టును ఫారం 12లో పంపాలి. ప్రాణాపాయం, అవయవం పోవడం లాంటివైతే వెంటనే, మిగతావైతే 48 గంటల్లోపు. అది వెళ్లిందో లేదో బ్రాంచి ఆఫీసులో మీ నంబరు చెప్పి అడగండి. చాలా క్లెయిములు ఇక్కడే ఆగిపోతాయి. కార్మికుడు డబ్బు రాలేదని ఎదురు చూస్తుంటాడు, బ్రాంచిలో అసలు ప్రమాదమే నమోదై ఉండదు. పంపకపోతే మీరే ఒక అర్జీతో ప్రమాదం సంగతి తెలియజేసి, విచారణ చేయమని అడగండి.

వైద్యం కోసం మీ డిస్పెన్సరీకి, అక్కడి నుంచి మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ లేని వైద్యానికి ఒప్పందం ఉన్న పెద్ద ఆసుపత్రికి రెఫరల్ రాస్తారు. ప్రాణాపాయంలో ముందు దగ్గరి ఆసుపత్రిలో చేరిపోయినా తప్పు లేదు. కాకపోతే ఆ సంగతి వీలైనంత త్వరగా డిస్పెన్సరీకి తెలియజేసి, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ అన్నీ దాచండి.

పనికి వెళ్లలేని రోజులకు సగటు రోజు కూలిలో 90 శాతం ఇస్తారు. ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పని చేయలేని స్థితి ఉండాలి. సగటు 600 అయితే రోజుకు 540, నలభై రోజులకు 21,600. ఇన్ని రోజులే అన్న పరిమితి లేదు, డాక్టరు అన్‌ఫిట్ అన్నన్నాళ్లూ వస్తుంది. ఆ మాట సర్టిఫికెట్ల రూపంలో గొలుసులా ఉండాలి: మొదటిది, నడుమ వచ్చేవి, చివరి ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఒకటి 14వ తేదీతో ముగిసి, తర్వాతది 17 నుంచి మొదలైతే ఆ మధ్య రోజులకు డబ్బు రాదు. సెలవు రోజు వచ్చినా, ఆ డాక్టరు లేకపోయినా గడువు ముగియకముందే వెళ్లండి. ఆ రోజుల్లో "తేలిక పనే కదా" అని పిలిస్తే వెళ్లి హాజరు వేయించుకోవద్దు. కూలి తీసుకున్న రోజుకు ఈ డబ్బు ఆగిపోతుంది. ఈ కాలంలో మిమ్మల్ని ఉద్యోగం నుంచి తీసేయకూడదని చట్టమే చెప్తోంది.

డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఈఎస్‌ఐ రికార్డులో ఒక్క అక్షరం మాత్రం ఉంటే అక్కడే ఇరుక్కుంటుంది. పుట్టిన తేదీ కూడా సరిచూసుకోండి. మంచం మీద ఉండగానే ఇంట్లోవాళ్లు ఈ పని పూర్తి చేయిస్తే నెల రోజులు కలిసొస్తాయి.

గాయం మానాక అవయవం పోయినా, పట్టు తగ్గినా, కీలు వంగకపోయినా అక్కడితో వదిలేయకండి. ఇక్కడే ఎక్కువ మంది నష్టపోతున్నారు. ఫిట్‌నెస్ ఇచ్చారు, పనికి వెళ్లిపోయారు, అంతే. మెడికల్ బోర్డుకు పంపమని మీరు అర్జీ పెట్టాలి. ఏడాది దాకా ఆగకుండా పెట్టండి. సంపాదించే శక్తి ఎంత శాతం తగ్గిందో బోర్డు తేలుస్తుంది, ఆ శాతం ప్రకారం జీవితాంతం నెలనెలా వస్తుంది. చూపుడు వేలు పూర్తిగా పోతే చట్టంలోని పట్టిక ప్రకారం 14 శాతం. పైన చెప్పిన 540లో 14 శాతం అంటే రోజుకు 75.60, ముప్పై రోజుల నెలకు 2,268. తిరిగి పనిలో చేరి పూర్తి జీతం తీసుకుంటున్నా ఇది ఆగదు. బోర్డు శాతం తక్కువ వేసిందనిపిస్తే మూడు నెలల్లోపు మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ప్రాణం పోతే కుటుంబానికి కూలిలో 90 శాతం లెక్కన పింఛను వస్తుంది, భార్యాపిల్లలకు వాటాలుగా పంచుతారు. అంత్యక్రియలకు 15,000 వేరే ఇస్తారు.

ఈఎస్‌ఐ లేనివాళ్లకు: నష్టపరిహారం

జీతం 21,000 దాటినవాళ్లు, చిన్న వర్క్‌షాపుల్లో చేసేవాళ్లు, లారీ క్లీనర్లు, ఈఎస్‌ఐ వర్తించని సైట్లలో భవన కూలీలు ఈ దారి పట్టాలి. అర్జీ కార్మిక శాఖలో నష్టపరిహార కమిషనర్‌గా వ్యవహరించే అధికారి దగ్గర వేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు నివసించే చోట కూడా వేయవచ్చు. మన దగ్గర ఇది చాలా అవసరమైన సంగతి. పరవాడ, అచ్యుతాపురం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. అక్కడి ఫ్యాక్టరీలో దెబ్బ తగిలి మీరు గాజువాకలో ఉంటుంటే "ఇది మా పరిధి కాదు" అని పంపేయబోతారు. ఆధార్, రేషన్ కార్డు చూపించి నివాసం ఇక్కడేనని అర్జీలోనే రాయండి.

లెక్క ఇలా వేస్తారు. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి అయితే నెల జీతంలో 60 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చిస్తారు. మరణిస్తే 50 శాతాన్ని. లెక్కకు తీసుకునే జీతం 15,000 దాటదు, ఈ పరిమితి 2020 జనవరిలో పెట్టింది. అర్జీ వేసే రోజున తాజా పరిమితి ఎంతో ఆఫీసులో అడగండి. గుణకం ఇరవై ఏళ్లకు 224.00, ముప్పైకి 207.98, నలభైకి 184.17, యాభైకి 153.09.

ముప్పై ఏళ్ల మనిషి, జీతం 22,000, కుడి చూపుడు వేలు పూర్తిగా పోయింది అనుకుందాం. జీతం 15,000గానే లెక్క. అందులో 60 శాతం 9,000. దాన్ని 207.98తో హెచ్చిస్తే 18,71,820. వేలికి 14 శాతం కాబట్టి 2,62,055 రూపాయలు. "యాభై వేలు తీసుకుని వదిలెయ్" అని ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్క మీ జేబులో ఉండాలి. బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. నలభై ఏళ్ల మనిషి చనిపోతే 7,500ను 184.17తో హెచ్చించాలి: 13,81,275.

పట్టికలో లేని గాయాలకు డాక్టరు శాతం వేయాలి. ఇక్కడ ఒక తికమక ఉంది. సదరం శిబిరంలో ఇచ్చే వైకల్య శాతం వేరు, సంపాదన శక్తి తగ్గిన శాతం వేరు. మోకాలు వంగని మనిషికి సదరంలో శాతం చిన్నదే పడవచ్చు. కానీ అతను లారీ డ్రైవరైతే స్టీరింగు ముందు కూర్చోలేడు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "నేను చేసే పని ఇది, దీనికి ఇన్ని గంటలు నిలబడాలి, ఇంత బరువు ఎత్తాలి" అని రాసిచ్చి, ఆ పనిని బట్టి శాతం వేయమని అడగండి. ఎడమ చేయి మోచేతి పైదాకా తీసేసిన వడ్రంగికి 1975లో సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం నష్టం కిందే లెక్క కట్టింది, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి.

అసలు వైద్యం ఖర్చు కూడా యజమానిదే. బిల్లులన్నీ అర్జీకి జత చేయండి. పరిహారం కట్టాల్సిన రోజు నుంచి నెల దాటితే ఏటా 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా అదనం వేసే అధికారం కమిషనర్‌కు ఉంది. ఈ రెండూ అర్జీలో విడిగా కోరండి, కోరనిది చాలాసార్లు రాదు.

ఎవరి మీద వేయాలి? కాంట్రాక్టరు మీద ఒక్కడి మీదే వేస్తే అతను రేపు బోర్డు తిప్పేస్తాడు. అసలు కంపెనీ పని కాంట్రాక్టుకు ఇచ్చినా బాధ్యత దానిది కూడా. ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. కాంట్రాక్టరుకు కార్మికుల బీమా పాలసీ ఉంటే, లారీకైతే వాహన బీమా ఉంటే, ఆ బీమా కంపెనీని కూడా చేర్చండి. చివరికి డబ్బు కట్టేది తరచుగా వాళ్లే.

హెల్మెట్ పెట్టుకోలేదు, చెప్పిన మాట వినలేదు అన్న సాకు అన్ని కేసుల్లోనూ చెల్లుతుందని కాదు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం విషయంలో ఆ సాకుతో పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. మరణించిన కేసులో పరిహారం కమిషనర్ దగ్గరే జమ చేయాలి. ఇంటికొచ్చి అన్నదమ్ముల చేతిలో పెట్టిన సొమ్ము పరిహారం కిందికి రాదు.

వకీలు ఖర్చుకు భయపడొద్దు. పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెప్తోంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. "వచ్చిన దాంట్లో సగం నాకు" అనే మధ్యవర్తికి సంతకం చేసే ముందు అక్కడికి వెళ్లండి.

వీటితో పాటు వచ్చేవి

ఇవి పై రెండింటికీ అడ్డు రావు. బ్యాంకు ఖాతాలో ఏటా మే నెలాఖరున 20 రూపాయలు కోస్తుంటే మీకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది: ప్రమాద మరణానికి 2 లక్షలు, ఒక కన్ను, ఒక చేయి లేదా ఒక కాలు పనికిరాకుండా పోతే లక్ష. వేలు పోతే రాదు. క్లెయిము నెలలోపు బ్యాంకులో ఇవ్వాలి, ఎఫ్‌ఐఆర్ అడుగుతారు. పాస్‌బుక్‌లో ఆ 20 కోసం వెతకండి, చాలా ఇళ్లలో ఉందని తెలియకే వదిలేస్తున్నారు.

భవన కార్మికులు సంక్షేమ బోర్డు గుర్తింపు కార్డు ఉంటే, అది రెన్యువల్‌లో ఉంటే, కార్మిక శాఖ సహాయ అధికారి దగ్గర ప్రమాద సాయానికి అర్జీ పెట్టాలి. ఈఎస్‌ఐ లేని తెల్లకార్డు కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్ జరుగుతుంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరిన రోజే హెల్ప్ డెస్కులో చెప్పాలి, బిల్లు కట్టేశాక కాదు. సమాచారానికి 104. సదరంలో 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000, ప్రమాదం వల్ల మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. స్లాట్, అర్జీ రెండూ వార్డు సచివాలయంలో. పీఎఫ్ ఉన్న మనిషి పూర్తిగా పని చేయలేని స్థితికి వస్తే పదేళ్ల సర్వీసు లేకపోయినా వైకల్య పింఛను వస్తుంది. గ్రాట్యుటీకి కూడా ఐదేళ్ల షరతు వర్తించదు.

ఏ ఆఫీసులో ఫైలు కదలకపోయినా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి.

గడువులు క్యాలెండరు మీద రాసి గోడకు తగిలించండి. నష్టపరిహార అర్జీకి ప్రమాదం నుంచి రెండేళ్లు. "కంపెనీ వాళ్లు చూస్తామన్నారు" అన్నది ఆలస్యానికి గట్టి కారణం కాదు, వాళ్లు అలా రాసిచ్చిన కాగితం ఉంటే తప్ప. అర్జీ వేశాక వాయిదాలకు మీరో మీ వకీలో కచ్చితంగా హాజరవ్వాలి. ఒక రోజు కూలి పోతుందని వాయిదాలు తప్పితే కేసు కొట్టేయవచ్చు. అలా కొట్టేసినా, కారణం చూపించి మళ్లీ తెరవమని వెంటనే అర్జీ పెట్టవచ్చు. ఆసుపత్రిలో ఉన్నందువల్ల రాలేకపోతే ఆ రోజు ఓపీ చీటీయే కారణంగా చూపండి.